గుఱ్ఱపు పిల్లకు తొలి పాఠములు

హైదరాబాదులోని జూబ్లీ హిల్సు, ఫిలింనగరు అను పేటల పేరులు మన పల్లెలలో విననివారుండరు. మదరాసులో పెరిగిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా తరలివచ్చి ఈ గుట్టలపై స్థిరపడినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ఈ పరిసరములలో ప్రారంభమైనది. తరువాత డి. రామానాయుడుగారి స్టూడియో ఫిలింనగరున వెలసినది. మనము తెరపై చూచు రాజులు, సైన్యములు, ఊరేగింపులు పెక్కు ఈ పేటలలోనే రూపము దిద్దుకొనుచున్నవి.

రాజున్నచోట గుఱ్ఱముండక తప్పదు. 2009లో వచ్చిన మగధీర చిత్రమున వీరునకు తోడుగా నిలిచిన గుఱ్ఱమును ప్రేక్షకులు మఱచిపోలేదు. 2022లో వచ్చిన ఆర్. ఆర్. ఆర్. చిత్రమున వంతెన కడ బాలుని రక్షించు ఘట్టములో ఒక నాయకుడు గుఱ్ఱముపైనను, వేఱొకడు మోటారు సైకిలుపైనను వచ్చుట సభ్యులలో పలువురు చూచియుందురు. మోటారు సైకిలునకు తాళము త్రిప్పిన చాలును. గుఱ్ఱమునకు తాళము లేదు. వేయి దీపముల వెలుగులో, వందలాది జనుల కోలాహలములో అది నిలుమన్న నిలిచినదన్న, ఆ పాఠము చిత్రీకరణ దినమున నేర్చినది కాదు. తల్లి ప్రక్కన నిలిచిన నాడే ఎవరో ఓర్పుతో దానికి నేర్పియుందురు. తెరపై నాయకుని పేరు కనిపించును గాని నేర్పినవాని పేరు కనిపించదు.

ఈ విషయము పంచాయతీ సభ్యులకెందుకని అడుగవచ్చును. టాంగాలు, జట్కాబండ్లు వెనుకబడినను గుఱ్ఱము మన గ్రామములను పూర్తిగా విడిచిపోలేదు. పెండ్లి ఊరేగింపులకు, ఉత్సవములకు, చిత్రీకరణలకు గుఱ్ఱములను అద్దెకిచ్చి జీవించు కుటుంబములు పట్టణముల అంచులలోను, పల్లెలలోను ఉన్నవి. వారి గుఱ్ఱము నడచునది మన గ్రామ వీధులలో. దాని చుట్టును మూగునది మన పిల్లలు. కావున ఇది పంచాయతి విషయమే.

ఒక ఊరేగింపు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున పెండ్లి ఊరేగింపును మేము చూచుట తటస్థించినది. పెండ్లికుమారుడు ఎక్కిన గుఱ్ఱము ఇంకను పడుచుది. యజమాని అప్పు చేసి పది దినముల ముందే కొని తెచ్చినాడట. ఆ పది దినములు కొరడాతో లొంగదీసి, పదునొకండవ దినమున జీను కట్టినాడు. కూడలియొద్ద బాణసంచా పేలినంతనే గుఱ్ఱము ముందు కాళ్లెత్తి నిలిచినది. పెండ్లికుమారుడు క్రిందపడెను. ప్రక్కనున్న ఎనిమిదేండ్ల బాలుని చేయి విరిగెను. పరుగెత్తిన గుఱ్ఱము మురుగు కాలువలో పడి కాలు కోసికొన్నది.

మఱునాడు పంచాయతి కార్యాలయమున పెద్ద వాదము చెలరేగినది. గుఱ్ఱము పొగరుబోతు గనుక అమ్మివేయుమని కొందఱు, మఱింత కొట్టి అణచవలెనని కొందఱు పలికిరి. మూలను కూర్చున్న వృద్ధుడైన సాయీసు ఒకడు మాత్రము, "ఆ చప్పుడేందో దానికి ముందుగాల ఎవరన్న చెప్పిండ్రా, సర్పంచి సాబ్?" అని అడిగెను. సభలో ఎవరును మాటాడలేదు.

ఆ ప్రశ్నయే ఈ పాఠమునకు మూలము. గుఱ్ఱమును భయపెట్టి లొంగదీసినవాడు దానికి భయమును మాత్రమే నేర్పును. ఆ భయము ఒకనాడు వీధిలో బయటపడును.

గుఱ్ఱము స్వభావము

గుఱ్ఱము గడ్డి మేసి జీవించు జంతువు. అడవిలో దానికి రక్షణ కొమ్ములు కావు, కోఱలు కావు, పరుగే. తెలియని శబ్దము వినబడినచో ముందు పరుగెత్తి తరువాత విచారించుట దాని పుట్టుక గుణము. అది పొగరు కాదు.

దాని కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచే చుట్టును దాదాపు అంతయు చూడగలదు. అయినను నుదుటికి సూటిగా ఎదుట కొంతమేరయు, తోకకు సూటిగా వెనుకను దానికి కనిపించవు. కావున ఎన్నడును వెనుకనుండి చడిచప్పుడు లేక సమీపింపరాదు. మాటాడుచు ప్రక్కగా, భుజము వైపునకు నడువవలెను. మొదట తాకవలసినది మెడ, భుజము, ముఖము కాదు. చెవులు వెనుకకు అణచుట, తోక విసరుట, కన్నుల తెలుపు కనిపించుట అను గుర్తులు గాంచినచో ఆగవలెను. తల దించుట, పెదవులు నాకుకొనుట, నిట్టూర్చుట కనిపించినచో భయము తగ్గుచున్నదని చాలవఱకు గ్రహింపవచ్చును.

ఈ సంగతులు క్రొత్తవి కావు. దాదాపు 2,400 సంవత్సరముల క్రిందట గ్రీసు దేశమున జెనొఫన్ అను సేనాని గుఱ్ఱములను గూర్చి గ్రంథము వ్రాసి, కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని బోధించెను. మన దేశమున శాలిహోత్రుని పేర అశ్వవైద్యము వెలసినది. తెలుగున మనుమంచి భట్టు అశ్వలక్షణములపై కావ్యము చెప్పెను. విజయనగర ప్రభువులు సముద్రము దాటి వచ్చిన గుఱ్ఱములకు ధనరాసులు పోసిరి. అంత ధనము పోసి కొన్న జంతువును మొఱటుగా చెఱచుకొనుట తెలివి కాదని వారికి తెలియును.

పుట్టిన దినము మొదలు

ఆడుగుఱ్ఱము సుమారు 11 నెలలు మోసి ఈనును. ఆరోగ్యముగల పిల్ల ఒకటి రెండు గంటలలో లేచి నిలిచి పాలు త్రాగును. ఈ తొలి పాలు, అనగా జున్నుపాలు, మొదటి 12 గంటలలోపుగా కడుపులో పడుట అత్యవసరము. రోగములనెదిరించు శక్తి పిల్లకు తల్లి గర్భమున లభింపదు, జున్నుపాలనుండియే లభించును. మూడు గంటలు గడచినను పిల్ల పాలు త్రాగనిచో పశువైద్యునికి కబురు పంపవలెను.

తొలి దినమున తల్లిని, పిల్లను ప్రశాంతముగా ఉండనీయవలెను. చూడవచ్చు జనమును కట్టడి చేయుట యజమాని మొదటి పని. తరువాత ప్రతిదినము పది నిమిషములు చాలును. తల్లి చెంతనే ఒకడు మెల్లగా నిలిచి పిల్ల మెడను, వీపును, కడుపును, క్రమముగా కాళ్లను నిమురవలెను. పిల్ల కదలినచో చేయి దానితోపాటు కదలవలెను గాని గట్టిగా పట్టరాదు. అది నిలిచిన క్షణమున చేయి తీసివేయవలెను.

ఈ చివరి మాటను సభ్యులు బాగుగా గుర్తింపవలెను. గుఱ్ఱమునకు నేర్పు విద్య యంతయు ఇందులోనే ఉన్నది. మెల్లని ఒత్తిడి అడుగు ప్రశ్న. ఒత్తిడి తీసివేయుట దానికి లభించు బహుమానము. ఒత్తిడి ఎప్పుడు తొలగినదో ఆ క్షణమున తాను చేయుచున్న పనినే గుఱ్ఱము నేర్చుకొనును. పిల్ల పెనగులాడునప్పుడు భయపడి వదలినచో పెనగులాటనే నేర్పినవారమగుదుము. నిలిచినప్పుడు వదలినచో నిలుచుటను నేర్పినవారమగుదుము.

తలత్రాడు, నడక, గిట్టలు

రెండు మూడు వారముల వయసున తలకు మెత్తని పట్టీ తొడిగి తీయుట అలవాటు చేయవచ్చును. పట్టీ తొడిగి ఒంటరిగా వదలరాదు. కొక్కెమునకో కంపకో తగిలి మెడ విఱుగవచ్చును. నడిపించుటకు ముందునుండి లాగరాదు. లేత మెడ ఎముకలకు అది హాని చేయును. తల్లిని ఒకరు నడిపించుచుండ, పిల్ల వెనుక భాగము చుట్టును మెత్తని త్రాడు వేసి రెండవవాడు మెల్లగా ముందుకు ప్రోత్సహింపవలెను. ఒక అడుగు వేసిన త్రాడు సడలింపవలెను. త్రాడును చేతికి చుట్టుకొనుట ప్రాణాంతకము. గుఱ్ఱము ఉఱికినచో మనిషిని ఈడ్చుకొనిపోవును.

గిట్టలెత్తుట నెలలోపుగా మొదలుపెట్టవలెను. మొదట కాలు నిమురుట, తరువాత ఒక క్షణము ఎత్తి దింపుట, ఆపై గిట్ట అడుగును శుభ్రము చేయుట. ఎదుగు పిల్లకు సుమారు ఆఱు నుండి ఎనిమిది వారములకొకమాఱు గిట్టలు సరిచూచి చెక్కవలెను. చిన్ననాడు కాలు ఇచ్చుట నేర్వని గుఱ్ఱమునకు లాడములు కొట్టుటకు నలుగురు మనుషులు, కాళ్లకు త్రాళ్లు కావలసివచ్చును. ఆ అవస్థ మన సంతలలో చూచినదే.

ఐదాఱు నెలల వయసున పాలు మాన్పుదురు. ఒక్కమాఱుగా తల్లిని దూరము చేసి చీకటి కొట్టములో ఒంటరిగా కట్టివేసినచో పిల్ల బెదరుబోతగును. సాధుగుణముగల వేఱొక గుఱ్ఱమును తోడుంచి కొద్దికొద్దిగా ఎడబాటు అలవాటు చేయుట మేలు.

మేత, నీరు

బెదరు తగ్గవలెనన్న కడుపు నిండియుండవలెను. గుఱ్ఱము జీర్ణకోశము కొంచెము కొంచెముగా పలుమాఱులు మేయుటకు తగినది. దాని శరీర బరువులో నూటికి ఒకటిన్నర నుండి రెండు వంతులు గడ్డి దినమునకు కావలెను. పచ్చగడ్డి, ఎండుగడ్డి, జొన్నచొప్ప మంచివి; వరిగడ్డి ఒక్కటే చాలదు. ఉలవలు నానబెట్టియో ఉడికించియో మితముగా పెట్టవలెను. మేతను ఒక్కసారిగా మార్చరాదు. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. కావున తినరానిది తిన్నచో కడుపునొప్పి ప్రాణముమీదికి వచ్చును. పెరిగిన గుఱ్ఱమునకు దినమునకు 25 నుండి 40 లీటర్ల నీరు, వేసవిలో అంతకు మించియు కావలెను. ధనుర్వాతము గుఱ్ఱములకు సులభముగా సోకును గనుక ఆ టీకాను, నులిపురుగుల మందును పశువైద్యుని సలహాపై తప్పక ఇప్పింపవలెను.

శబ్దములకు, దీపములకు అలవాటు

చిత్రీకరణ స్థలమునను పెండ్లి ఊరేగింపునను గుఱ్ఱమునెదిరించు శత్రువులు ఒక్కటే: డప్పులు, బాజాలు, మెఱయు దీపములు, రెపరెపలాడు బట్టలు, జనసమూహము. వీనిని ఒక్కొక్కదానినే పరిచయము చేయవలెను.

ఉదాహరణకు డప్పును తీసికొందము. మొదటి దినమున పొలము ఆ చివర ఒకడు మెల్లగా వాయింపవలెను. పిల్ల చెవులు నిక్కించి చూచును. అది మరల గడ్డికి తల దించినంతనే వాద్యము ఆపవలెను. మఱునాడు పది అడుగులు దగ్గఱకు రావలెను. బెదరినచో వెనుకటి దూరమునకే మఱలిపోవలెను. అది ఓటమి కాదు. డప్పు వెంబడి పిల్ల నడచుట ఇంకను మంచిది. భయపెట్టు వస్తువు తన ముందు పాఱిపోవుచున్నట్లు దానికి తోచి ధైర్యము కలుగును. రంగు బట్ట, గొడుగు, నీటి గుంట, చెక్క వంతెన, లారీ తలుపు — అన్నిటికిని ఇదే పద్ధతి. జడవని పెద్ద గుఱ్ఱము ప్రక్కన నడచుట వేయి మాటల పెట్టు.

పాఠము పదిహేను నిమిషములు మించరాదు. పిల్ల చేయగల చిన్న పనితో ముగింపవలెను. నేర్పువానికి కోపము వచ్చిన దినమున పాఠము లేదనుకొనుట ఉత్తమము.

బాణసంచాను మాత్రము ఈ జాబితాలో చేర్చము. దానికి అలవాటుపడిన గుఱ్ఱమని ఎవరును పూచీపడలేరు. నేటి చిత్రములలో మంటలను, ప్రేలుళ్లను పెక్కింటిని కంప్యూటరుపై కల్పించుచున్నారు. జూబ్లీ హిల్సువారు విడిచిపెట్టుచున్న ప్రమాదమును మన వీధులలోనికి ఆహ్వానించుట తగదు.

జీను ఎప్పుడు?

యజమానులు ఎక్కువగా తొందరపడునది ఇక్కడనే. గుఱ్ఱము ఎత్తు ముందుగా పెరుగును గాని ఎముకలు ఆలస్యముగా గట్టిపడును. వెన్నెముక పూర్తిగా ముదురుటకు ఐదాఱు సంవత్సరములు పట్టును. రెండవ ఏట పొడవైన త్రాటితో నడక, ఆగుట, తిరుగుట నేర్పవచ్చును. వీపుపై గుడ్డ, పిమ్మట ఖాళీ జీను అలవాటు చేయవచ్చును. మూడేండ్లు నిండిన తరువాత తేలికయైన మనిషి కొద్ది నిమిషములు ఎక్కవచ్చును. పూర్తి పని నాలుగేండ్లు దాటిన పిదపనే. పందెపు గుఱ్ఱములను రెండవ ఏటనే స్వారికి పూన్తురు గదా అని కొందఱందురు. వానికి వేఱు మేత, నిత్య వైద్యము ఉండును. అయినను కాళ్లు చెడుట అరుదు కాదు. అది మనకు ఆదర్శము కాదు.

వయసు పండ్లను బట్టి తెలియును. ముందు పండ్లలో నడిమి జత సుమారు రెండున్నర ఏండ్లకును, దాని ప్రక్క జత మూడున్నర ఏండ్లకును, చివరి జత నాలుగున్నర ఏండ్లకును పాలపండ్లు ఊడి మాఱును. పెదవి ఎత్తి చూచిన పశువైద్యుడు క్షణములో చెప్పగలడు. బరువు విషయమున కూడ ఒక లెక్క కలదు. మనిషి, జీను కలిపి గుఱ్ఱము బరువులో ఐదవ వంతు మించకుండుట మేలు. 300 కిలోల గుఱ్ఱముపై 60 కిలోలు. పెండ్లికుమారునితోపాటు ఇద్దఱు పిల్లలను ఎక్కించు ఆచారము ఈ లెక్కకు నిలువదు.

చట్టము చెప్పునది

1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము జంతువును కొట్టుట, మితిమీరిన బరువు మోపుట, గాయముతోనో రోగముతోనో ఉన్నదానిచే పని చేయించుట నేరము. ప్రదర్శనలలో జంతువులనుపయోగించుటకు ఆ చట్టమే నమోదును విధించుచున్నది. 2001 నాటి నియమముల ప్రకారము చిత్రములలో గుఱ్ఱమును పడవేయుటకు తీగలు, గోతులు, కాలికి తగులు సాధనములు వాడరాదు. నిప్పుకు దానిని గుఱిచేయరాదు. చిత్ర నిర్మాతలు భారత జంతు సంక్షేమ మండలి అనుమతి పొందవలెను. కావున చిత్రీకరణకు గుఱ్ఱమునంపు గ్రామస్థుడు, నమోదు ఉన్నదా, అనుమతి ఉన్నదా అని ముందుగా విచారించుకొనుట తనకును క్షేమము.

పంచాయతికి నేరుగా సంబంధించిన చట్టము వేఱొకటి కలదు. అది 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము. అందు పేర్కొనబడిన రోగము అనుమానింపబడినచో యజమాని గ్రామాధికారికో పంచాయతికో తెలుపవలెను. వారు సమీప పశువైద్యునికి వ్రాతమూలముగా తెలియజేయుదురు. గుఱ్ఱములకు వచ్చు గ్లాండర్సు అట్టి రోగము. జ్వరము, ముక్కునుండి చిక్కని చీమిడి, ముక్కు లోపల పుండ్లు, చర్మముపై గడ్డలు దాని గుర్తులు. అది మనుష్యులకును సోకి ప్రాణము తీయగలదు. దానికి టీకా లేదు. రక్త పరీక్షచే నిర్ధారణయైన గుఱ్ఱమును బాధ లేకుండ తొలగింపవలసియుండును. యజమానికి ప్రభుత్వ పరిహారమునకు వీలు కలదు గనుక భయపడి దాచుట తగదు. హర్యానాలోని హిసారులో 1985లో స్థాపింపబడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రము ఈ పరీక్షలలో ప్రముఖమైనది.

పంచాయతి చేయదగిన పనులు

గ్రామములోని గుఱ్ఱములను, వాని వయసును పశువైద్యుని సహాయముతో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను.

ఊరేగింపునకు ముందు యజమానిని, పెండ్లివారిని పిలిపించి గుఱ్ఱము సమీపమున బాణసంచా కాల్చరాదని మాట తీసికొనవలెను. గుఱ్ఱమునకు, పిల్లలకు నడుమ పది అడుగుల దూరముంచుట, దానికి తెలిసిన సాయీసు తల ప్రక్కన నడచుట ముఖ్యము.

పశువుల తొట్టియొద్ద గుఱ్ఱములకును నీరు దొరకవలెను. అయితే ముక్కు కారుచున్న గుఱ్ఱమును ఆ తొట్టికి రానీయక, వేఱు బాల్చీతో నీరిప్పింపవలెను.

అనుభవముగల వృద్ధ సాయీసులు మన గ్రామములలో ఇంకను కొందఱున్నారు. వారిచే పడుచువారికి నెలకొకమాఱు పాఠము చెప్పించుటకు పెద్ద వ్యయము అక్కఱలేదు.

ముందు చెప్పిన గ్రామమున ఈ చివరి పనియే జరిగినది. పంచాయతి ఆ గుఱ్ఱమును అమ్మింపలేదు, కొట్టింపలేదు. పశువైద్యుడు పండ్లు చూచి మూడేండ్లు నిండలేదని చెప్పెను. బాలుని వైద్య వ్యయమును యజమానియు, పెండ్లివారును చెఱిసగము భరించిరి. గుఱ్ఱమును ఆ వృద్ధ సాయీసునకు అప్పగించిరి. ఏడాదిన్నర తరువాత మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. బడి గంట మ్రోగి పిల్లలు కేకలతో వీధిలోనికి పరుగెత్తి వచ్చిరి. చెట్టు నీడనున్న ఆ గుఱ్ఱము చెవులు త్రిప్పి, ఒకసారి తలయెత్తి చూచి, మరల గడ్డి మేయసాగినది. దాని ప్రక్కన సాయీసునకు నీళ్ల చెంబు అందించుచున్నవాడు నాడు చేయి విఱిగిన బాలుడే.

పంచాయతి సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున గుఱ్ఱములు ఎన్ని ఉన్నవి? నాలుగేండ్లు నిండనివి ఎన్ని?

2. ఒత్తిడి ఎప్పుడు తొలగింపవలెను? ఎందుకు?

3. గత ఏడాది ఊరేగింపులలో గుఱ్ఱము చెంత బాణసంచా కాల్చిరా? ఈ ఏడు ఏమి నిర్ణయింతము?

4. గ్లాండర్సు అనుమానము కలిగినచో ఎవరు, ఎవరికి, ఎట్లు తెలుపవలెను?